ఫిక్స్‌డ్ మ్యాచ్ అమ్మేవాడి దగ్గర ఫిక్స్‌డ్ మ్యాచ్ ఉండదు

ప్రశ్న: "అన్నా, మొన్న ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో ఆఖరి నిమిషంలో పెనాల్టీ ఇచ్చారు. ఇదంతా ముందే ఫిక్స్ అని మా రూమ్‌లో అందరూ అంటున్నారు. టెలిగ్రామ్‌లో ఒకడు యూరప్ ఫుట్‌బాల్ ఫిక్స్‌డ్ మ్యాచ్ స్కోరు 15 వేలకు ఇస్తానంటున్నాడు, పాత స్క్రీన్‌షాట్లు కూడా చూపించాడు. మా ఫ్రెండ్ డబ్బు కట్టేద్దామంటున్నాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఫిక్సింగ్ నిజంగా ఉందా? ఉంటే ఎలా చేస్తారు, ఎలా దొరుకుతారు?"

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి. మీ ఫ్రెండ్‌ని ఆ 15 వేలు కట్టొద్దని ఇప్పుడే చెప్పు. ఎందుకన్నది చివర్లో చెప్తాను. ఫిక్సింగ్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ కారణం నీకే తడుతుంది.

ఫిక్సింగ్ ఉందా అంటే, ఉంది. కాకపోతే మీ రూమ్‌వాళ్లు వెతుకుతున్న చోట చాలా తక్కువ.

నా సంగతి రెండు ముక్కల్లో. డిగ్రీ రోజుల్లో సికింద్రాబాద్‌లో లీగ్ మ్యాచులకు లైన్ మీద జెండా పట్టుకుని పరిగెత్తాను. తర్వాత పదకొండేళ్లు ఒక కంపెనీలో నైట్ షిఫ్టు చేశాను. ఫుట్‌బాల్ మ్యాచుల మీద పందేల రేట్లు ఎలా కదులుతున్నాయో కనిపెట్టి, తేడా ఉంటే రిపోర్టు రాయడం అక్కడ పని. మ్యాచ్ చూడటం కంటే రేటు చూడటమే ఎక్కువ. కాబట్టి నా జవాబంతా రేటు చుట్టూనే తిరుగుతుంది, ఏమనుకోకు.

మొదట ఒక తేడా గమనించు. ఫిక్సింగ్ రెండు రకాలు. ఒకటి పందేలతో సంబంధం లేనిది. కప్పు కోసమో, కింది డివిజన్‌కు పడిపోకుండా ఉండటం కోసమో చేసేది. 1993 మే నెలలో ఫ్రాన్స్‌లో మార్సెయ్ క్లబ్ యూరోపియన్ ఫైనల్‌కు ముందు తన ఆటగాళ్లకు దెబ్బలు తగలకూడదని వాలెన్సియెన్ జట్టులో కొందరికి డబ్బిచ్చింది. 2,50,000 ఫ్రాంకులు ఒక ఆటగాడి బంధువుల పెరట్లో పాతిపెట్టి ఉంటే పోలీసులు తవ్వి తీశారు. 2006లో ఇటలీలో యువెంటస్ కథ కూడా ఈ కోవలోదే. రెఫరీలుగా ఎవరిని వేయాలన్న దాని మీద ఫోన్లు నడిచాయి, బెట్టింగ్ కాదు. ఆ క్లబ్ రెండు టైటిళ్లు పోగొట్టుకుని రెండో డివిజన్‌కు పోయింది. ఈ రకాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

రెండోది బెట్టింగ్ కోసం చేసేది. దీంట్లో ఫిక్సర్‌కు ఏ జట్టు గెలిచినా ఒకటే. అతనికి కావాల్సింది నలుగురికీ తెలియని ఒక్క విషయం ముందే తెలియడం, ఆ తెలివికి మంచి రేటు దొరకడం.

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేలు చూసుంటావు. బరిలో అసలు పందెం ఒకటే, దాని చుట్టూ పైపందేలు వంద. డబ్బు చేతులు మారేది ఎక్కువగా ఆ పైపందేల్లోనే. అంతర్జాతీయ ఫుట్‌బాల్ బెట్టింగ్ కూడా అంతే. ఎవరు గెలుస్తారన్నది ఒక పందెం. ఎన్ని గోల్స్ తేడాతో ఓడతారన్నది ఇంకోటి, దీన్నే హ్యాండిక్యాప్ అంటారు. మొత్తం ఎన్ని గోల్స్ పడతాయన్నది మరోటి. ఆసియా మార్కెట్లో పెద్ద డబ్బంతా ఈ చివరి రెండింటి మీదే. ఫిక్సర్లకూ ఇవే ఇష్టం. గెలవమని ఎవరినీ కొనలేరు, అవతలి జట్టు ఊరుకోదు కదా. ఓడమని కొనొచ్చు. అందులోనూ మూడు గోల్స్ తేడాతో ఓడమంటే గోల్‌కీపర్, ఇద్దరు డిఫెండర్లు చాలు. మిగతా ఎనిమిది మంది నిజాయతీగా చెమటోడుస్తూనే ఉంటారు, వాళ్లకేమీ తెలియదు.

ఇప్పుడు రేటు సంగతి. మ్యాచ్ మధ్యలో 'మొత్తం మూడున్నర గోల్స్ పైన' అని ఒక పందెం ఉందనుకో, అంటే కనీసం నాలుగు పడాలి. స్కోరు 2-0, గంట ఆట అయిపోయింది. గోల్ పడకుండా ఒక్కో నిమిషం గడిచే కొద్దీ నాలుగు గోల్స్ పడే అవకాశం తగ్గుతుంది. అవకాశం తగ్గితే దాని మీద ఇచ్చే రేటు పెరగాలి. రూపాయికి రెండు అన్నది రెండున్నర, ఆపైన మూడు అలా పోవాలి. ఇది గడియారం నడిచినంత కచ్చితంగా జరుగుతుంది. జరగకపోతే ఏదో ఉందన్నమాట.

ఒక రాత్రి నాకింకా కళ్ల ముందుంది. మన టైం రెండు దాటింది. యూరప్‌లో ఒక చిన్న దేశం, రెండో డివిజన్ మ్యాచ్, స్టాండ్‌లో రెండొందల మంది కూడా లేరు. స్కోరు 2-0. 63వ నిమిషంలో 'మూడున్నర పైన' రేటు 1.85. టీ తెచ్చుకుని వచ్చేసరికి 70వ నిమిషం, రేటు 1.83. 75వ నిమిషంలో 1.80. గోల్ లేదు, రెడ్ కార్డ్ లేదు, కార్నర్ కూడా లేదు. రేటు మాత్రం పెరగాల్సింది పోయి తగ్గుతోంది. అంటే ఎవరో ఆగకుండా డబ్బు పోస్తున్నారు, రేటు పైకి లేవబోయిన ప్రతిసారీ ఆ డబ్బు కిందికి తొక్కుతోంది. పక్క సీటు అమ్మాయిని పిలిచి చూపించాను. 81వ నిమిషంలో పెనాల్టీ, 3-0. 89వ నిమిషంలో మెల్లగా దొర్లుకుంటూ వచ్చిన బంతి గోల్‌కీపర్ కాళ్ల మధ్య నుంచి లోపలికి పోయింది, 4-0. గ్రౌండ్‌లో ఫోన్ పట్టుకుని మాకు డేటా పంపే కుర్రాడిని ఏమైందని అడిగాం. అతను చెప్పిన మాట ఇదీ: "అంత చెత్త గోల్ ఇచ్చినా ఒక్కడు కూడా గోల్‌కీపర్‌ని తిట్టలేదు."

ఆ మాట దగ్గర నాకు 1915 గుర్తొచ్చింది. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే నాడు మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో లివర్‌పూల్‌ని ఓడించింది. రెండు జట్లలోనూ కొందరు కలిసి సరిగ్గా 2-0 మీద 7కి 1 రేటుకు పందెం కాశారు. అందులో లేని లివర్‌పూల్ ఆటగాడు ఫ్రెడ్ పాగ్నమ్ ఆఖర్లో కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. గోల్ అయినంత పనైంది. సొంత జట్టు వాళ్లే వచ్చి అతన్ని తిట్టారు! విచారణలో అదంతా బయటపడి ఏడుగురు ఆటగాళ్లకు జీవితకాల నిషేధం పడింది. గోల్ కొట్టబోయినవాడిని తిట్టడం, గోల్ ఇచ్చినవాడిని తిట్టకపోవడం, రెండూ ఒకటే రోగం.

నా రిపోర్టు ఏమైందంటావా? పద్నాలుగు పేజీలు రాశాను, గ్రాఫులు పెట్టాను. లీగ్ వాళ్లు అందిందన్నారు. అంతే. గ్రాఫు చూసి నీకూ నాకూ అర్థమవుతుంది కానీ ఆ గోల్‌కీపర్ డబ్బు తీసుకున్నాడని దాంతో రుజువు కాదు. మా ఉద్యోగంలో ఇది మామూలే. 2023లో మాలాగే పందేల రేట్లు కనిపెట్టే స్పోర్ట్‌రాడార్ సంస్థ అన్ని ఆటల్లో కలిపి 1,329 మ్యాచులు అనుమానాస్పదమని లెక్క తేల్చింది, అందులో 880 ఫుట్‌బాల్‌వే. వాటిలో శిక్షల దాకా వెళ్లేవి కొన్నే.

అయితే కొన్నిసార్లు మాత్రం రేటే సాక్ష్యమై నిలబడుతుంది. 2016 నవంబర్ 12న పోలోక్వానేలో దక్షిణాఫ్రికా, సెనెగల్ మధ్య ప్రపంచ కప్ క్వాలిఫయర్ జరిగింది. ఫస్ట్ హాఫ్ ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఘనా రెఫరీ జోసెఫ్ లాంప్టీ హ్యాండ్‌బాల్ అని పెనాల్టీ ఇచ్చాడు. రీప్లేలో చూస్తే బంతి సెనెగల్ డిఫెండర్ కూలిబాలీ మోకాలికి తగిలింది, చేతికి కాదు. దక్షిణాఫ్రికా 2-1తో గెలిచింది. రెఫరీ తప్పులు రోజూ జరుగుతాయి, ఒక్క తప్పుడు పెనాల్టీతో ఎవరినీ పట్టుకోలేం. కానీ ఆ మ్యాచ్‌లో గోల్స్ సంఖ్య మీద రేట్లు ఉండాల్సిన తీరున లేవు. మైదానంలో తప్పు, మార్కెట్లో తేడా, రెండూ ఒకే మ్యాచ్‌లో కలిశాయి. ఫిఫా లాంప్టీని జీవితకాలం బహిష్కరించింది, స్విట్జర్లాండ్‌లోని క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు కూడా దాన్ని సమర్థించింది. మ్యాచ్ రద్దు చేసి ఏడాది తర్వాత మళ్లీ ఆడించారు. ఈసారి సెనెగల్ 2-0తో గెలిచి 2018 ప్రపంచ కప్‌కు వెళ్లింది. మీ రూమ్‌లో పెనాల్టీ మీద గొడవ వచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకో. పెనాల్టీ తప్పా ఒప్పా అన్నదొక్కటే చూస్తే సరిపోదు, అది ఇవ్వకముందు డబ్బు ఎటు నడిచిందో కూడా చూడాలి.

ఇక ఛాంపియన్స్ లీగ్ సంగతి. వారానికి లక్ష పౌండ్లు తీసుకునేవాడిని కొనాలంటే ఎంతివ్వాలి? ఇచ్చినా ముప్పై కెమెరాలు, కోట్ల కళ్లు. ఫిక్సర్‌ది వ్యాపారం, పెట్టుబడికి తగిన రాబడి చూసుకుంటాడు. పూర్తిగా లేదని అనను. 2009లో హంగరీ క్లబ్ డెబ్రెసెన్ ఛాంపియన్స్ లీగ్ ఆడుతున్నప్పుడు ఫిక్సర్లు తన దగ్గరికి వచ్చారన్న విషయం చెప్పనందుకు దాని గోల్‌కీపర్ మీద యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా రెండేళ్ల నిషేధం వేసింది. చూడు, మ్యాచ్ అమ్మినందుకు కాదు, అడిగారని చెప్పనందుకు. ఆ రూల్ చాలామందికి తెలియదు. ఇంకో సంగతి, డెబ్రెసెన్ ఆ గ్రూపులో అన్నిటికంటే పేద జట్టు.

అసలు వేట పేదరికం చుట్టూ. ప్రపంచ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో 2016లో 54 దేశాల్లో దాదాపు 14 వేల మందిని అడిగింది. 41 శాతం మందికి గత రెండు సీజన్లలో జీతం ఆలస్యంగా అందింది. 45 శాతం పైచిలుకు మందికి నెలకు వెయ్యి డాలర్లు కూడా రావని తేలింది. వీళ్లంతా ప్రొఫెషనల్స్, టీవీలో కనిపించేవాళ్లు, జెర్సీ వెనక పేరున్నవాళ్లు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. మూడు నెలలుగా జీతం లేనివాడి దగ్గరికి ఒకడు వచ్చి మంచి హోటల్లో భోజనం పెట్టి, ఇంటి అద్దె కట్టుకోమని చేతిలో కవరు పెడతాడు. మొదటిసారి ఏమీ అడగడు. రెండోసారి వచ్చేటప్పటికి మనవాడు బాకీదారు.

ఈ పద్ధతిలో ఆరితేరినవాడు సింగపూర్‌కు చెందిన విల్సన్ రాజ్ పెరుమాళ్. మలేసియా, సింగపూర్ వైపు ఫిక్సింగ్‌ను 'కెలోంగ్' అంటారు. చేపలు పట్టడానికి సముద్రంలో కర్రలు పాతి కట్టే ఉచ్చు పేరది, లోపలికి వెళ్లిన చేప బయటికి రాదు. పెరుమాళ్ 2011 ఫిబ్రవరిలో ఫిన్లాండ్‌లో దొంగ పాస్‌పోర్టుతో పట్టుబడ్డాడు. ఉత్తర ధ్రువ వలయం (ఆర్కిటిక్ సర్కిల్) పక్కన రొవానియెమి అనే ఊళ్లో ఆర్‌ఓపీఎస్ అనే చిన్న క్లబ్ ఉంది, అందులో అప్పుడు జాంబియా నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది. ఆ మంచులో, ఆ జీతాలతో ఉన్నవాళ్లను అతను పట్టుకున్నాడు. పోలీసులకు సమాచారం ఇచ్చింది కూడా అతని మనుషులే అంటారు. కోర్టు రెండేళ్ల జైలు శిక్ష వేసింది. సింగపూర్ నుంచి వచ్చి ఫిన్లాండ్‌లో లీగ్ మ్యాచ్ కొనడం ఏమిటని నీకు నవ్వు రావచ్చు. కానీ ఆ మ్యాచ్ మీద పందెం ఆసియాలో దొరుకుతుంది, ఎవరూ చూడరు. అంతకంటే కావాల్సిందేముంది?

2010 సెప్టెంబర్ 7న బహ్రెయిన్ 3-0తో టోగో జాతీయ జట్టును ఓడించింది. గెలిచిన జట్టు కోచ్ యోసెఫ్ హికెర్స్‌బెర్గర్‌కే అనుమానం వచ్చింది, వీళ్లకు తొంభై నిమిషాలు ఆడే దమ్ము కూడా లేదన్నాడు. ఆరా తీస్తే టోగో ఫుట్‌బాల్ సంఘం అసలు జట్టునే పంపలేదు! జెర్సీలు వేసుకుని జాతీయ గీతానికి నిలబడ్డవాళ్లు టోగో జాతీయ జట్టు కానే కాదు. దాని వెనకా పెరుమాళ్ ముఠానే. ఆ తర్వాతి ఫిబ్రవరిలో టర్కీలోని అంటాల్యాలో ఒకే రోజు రెండు ఫ్రెండ్లీలు జరిగాయి. లాత్వియా 2, బొలీవియా 1. ఎస్తోనియా 2, బల్గేరియా 2. మొత్తం ఏడు గోల్స్, ఏడూ పెనాల్టీలే. ఆటగాళ్లను కాకుండా రెఫరీలను కొంటే పని ఎంత సులువో చూడు. హంగరీ, బోస్నియాలకు చెందిన ఆరుగురు మ్యాచ్ అధికారులను ఫిఫా జీవితకాలం బహిష్కరించింది.

కంచే చేను మేసిన కథల్లో అన్నిటికంటే వివరంగా తెలిసింది జర్మనీది. 2004 ఆగస్టు 21న జర్మన్ కప్ మొదటి రౌండ్‌లో మూడో డివిజన్ జట్టు పాడెర్‌బోర్న్ మీద హాంబర్గ్ 2-0తో ముందుంది. రెఫరీ రాబర్ట్ హోయ్జర్ హాంబర్గ్ స్ట్రైకర్‌ని రెడ్ కార్డుతో బయటికి పంపాడు, పాడెర్‌బోర్న్‌కు రెండు పెనాల్టీలిచ్చాడు, మ్యాచ్ 4-2 అయింది. బెర్లిన్‌లో కేఫ్ కింగ్ అనే చోట కూర్చునే ఆంటే సాపినా అనే జూదరి అతనికి డబ్బిచ్చేవాడు. మొత్తం మీద హోయ్జర్‌కు ముట్టింది సుమారు 67 వేల యూరోలు, ఒక ప్లాస్మా టీవీ. ఆ టీవీ సంగతి విన్నప్పుడల్లా నాకు బాధే వేస్తుంది, ఇంత పెద్ద లీగ్ పరువు పోయింది దానికి. పట్టించింది రేట్ల గ్రాఫులు కాదు, అతని తోటి రెఫరీలు నలుగురు వెళ్లి జర్మన్ ఫుట్‌బాల్ సంఘానికి తమ అనుమానం చెప్పారు. హోయ్జర్‌కు రెండేళ్ల ఐదు నెలల జైలు. సాపినాకు అంతకంటే కాస్త ఎక్కువే. కానీ అతను బయటికొచ్చి మళ్లీ అదే పని చేశాడు, 2009లో బోఖుమ్ పోలీసులు రెండోసారి పట్టుకుంటే ఈసారి అనేక దేశాల్లో వందల మ్యాచులు బయటపడ్డాయి. 2013 ఫిబ్రవరిలో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ చెప్పిన లెక్కల్లో యూరప్‌లోనే 380 అనుమానాస్పద మ్యాచులు, 15కు పైగా దేశాల్లో 425 మంది అనుమానితులు.

ఆటగాడూ వద్దు, రెఫరీ వద్దు అనుకున్న మేధావులు కూడా ఉన్నారు. 1997 నవంబర్‌లో లండన్‌లో వెస్ట్‌హామ్, క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్ సెకండ్ హాఫ్‌లో ఉండగా స్టేడియం లైట్లన్నీ ఆరిపోయాయి. మరుసటి నెల వింబుల్డన్, ఆర్సెనల్ మ్యాచ్‌లోనూ అదే తంతు. కరెంటు పోయిందనుకున్నారంతా, మనకైతే అసలు అనుమానమే రాదు! అప్పట్లో ఆసియా బుకీల రూల్ ప్రకారం సెకండ్ హాఫ్‌లో మ్యాచ్ ఆగిపోతే ఆగినప్పటి స్కోరుకే పందెం చెల్లేది. తమకు కావాల్సిన స్కోరు రాగానే లైట్లు తీసేయడమే. 1999 ఫిబ్రవరిలో చార్ల్‌టన్ మైదానంలో మూడోసారి చేయబోయి దొరికారు. లోపల ఉన్న సెక్యూరిటీ గార్డును కొన్నారు కానీ, వ్యవహారం తోటి ఉద్యోగి చెవిన పడి పోలీసుల దాకా వెళ్లింది.

ఫిక్స్ అయిన మ్యాచ్ అంటే అనుకున్నట్టే జరుగుతుందని కూడా అనుకోకు. మీ ఫ్రెండ్ బాగా వినాల్సింది ఇక్కడ. బ్రెజిల్‌లో 2022 సీజన్ చివర ఒక ముఠా రెండో డివిజన్ ఆఖరి రౌండ్‌లో మూడు మ్యాచులు ఎంచుకుంది. మూడింటిలోనూ ఫస్ట్ హాఫ్‌లో ఒక్కో పెనాల్టీ పడాలి. పెనాల్టీ ఇప్పించే ఆటగాడికి 1,50,000 రియాళ్లు, అందులో పదివేలు అడ్వాన్స్. రెండు మ్యాచుల్లో పెనాల్టీ పడింది. మూడోదాంట్లో విలా నోవా క్లబ్ ఆటగాడు డబ్బు తీసుకున్నాడు కానీ కోచ్ అతన్ని జట్టులోకే తీసుకోలేదు. పందెం మూడూ కలిపి కాసింది కాబట్టి మొత్తం పోయింది. ముఠా ఆ నష్టం కట్టమని అతని మీద పడింది. ఆ గొడవ క్లబ్ ప్రెసిడెంట్ చెవిన పడింది, ఆయన వృత్తిరీత్యా మిలిటరీ పోలీసు అధికారి. ఇంకేముంది, తీగ లాగితే డొంకంతా కదిలింది.

అదే కేసులో సాంటోస్ డిఫెండర్ ఒకడున్నాడు. 50 వేల రియాళ్లు తీసుకుని ఎల్లో కార్డ్ తెచ్చుకుంటానన్నాడు, మ్యాచ్ అయిపోయింది కానీ కార్డ్ రాలేదు. ఫిక్సర్లు ఊరుకుంటారా? తర్వాతి మ్యాచ్‌లో రెడ్ కార్డ్ తెస్తానని ఒప్పుకున్నాడు. తెచ్చుకున్నాడు కూడా, ఫైనల్ విజిల్ తర్వాత! విజిల్ తర్వాత వచ్చిన కార్డ్ పందెంలో లెక్కకు రాదు. డబ్బు తీసుకున్నవాడే ఒక కార్డ్ తెచ్చుకోలేకపోతే, టెలిగ్రామ్ వాడు స్కోరు 3-1 అని గ్యారంటీ ఎలా ఇస్తాడు?

ఆటగాళ్లు తామే పందేలు కాయడం ఇంకో జబ్బు, దానికీ ఫిక్సింగ్‌కీ మధ్య గోడ పల్చనిది. ఇంగ్లండ్‌లో 1962 డిసెంబర్ 1న షెఫీల్డ్ వెన్స్‌డే ఆటగాళ్లు పీటర్ స్వాన్, టోనీ కే, డేవిడ్ లేన్ తమ జట్టు ఇప్స్‌విచ్ చేతిలో ఓడుతుందని పందెం కాశారు, 2-0తో ఓడింది. విచిత్రమేమిటంటే ఆ మ్యాచ్‌లో కే అందరికంటే బాగా ఆడాడని పేపర్లో రాశారు. 1964లో అదే పేపర్ ఈ కుంభకోణాన్ని బయటపెట్టింది. ముగ్గురికీ నాలుగేసి నెలల జైలు, జీవితకాల నిషేధం. స్వాన్, కే ఇద్దరూ ఇంగ్లండ్‌కు ఆడినవాళ్లు, 1966 ప్రపంచ కప్ వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. ఈమధ్య అప్పటి బ్రెంట్‌ఫర్డ్ స్ట్రైకర్ ఐవన్ టోనీకి 2023లో ఎనిమిది నెలలు, న్యూకాసిల్ ఆటగాడు సాండ్రో టోనాలికి పది నెలలు నిషేధం పడ్డాయి. వాళ్లది మ్యాచ్ అమ్ముకున్న కేసు కాదు, జూదం వ్యసనం కేసు. బ్రెజిల్ ఆటగాడు లూకాస్ పకెతా కావాలనే ఎల్లో కార్డులు తెచ్చుకున్నాడని వచ్చిన ఆరోపణ 2025లో నిలవలేదు. పేరు వినపడగానే దొంగ అనేయకూడదని చెప్పడానికే ఇది రాశాను.

టర్కీ కథ మాత్రం నన్నే నోరెళ్లబెట్టేలా చేసింది. 2025 అక్టోబర్‌లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం తమ 571 మంది రెఫరీల్లో 371 మందికి బెట్టింగ్ ఖాతాలున్నాయని, 152 మంది చురుగ్గా పందేలు కాస్తున్నారని ప్రకటించింది. ఒక్క రెఫరీ పేరు మీదే 18,227 పందేలు. పదకొండేళ్ల సర్వీసులో నేను రాసిన రిపోర్టులు అందులో పదో వంతు కూడా ఉండవు. ఆ వెంటనే వెయ్యి మందికి పైగా ఆటగాళ్లను పక్కన పెట్టారు.

ఎలా దొరుకుతారని అడిగావు. పైన చెప్పిన కథల్లోనే ఉంది, చాలాసార్లు లోపలి మనిషి నోరు విప్పితేనే. ముఠాలో పంపకాల దగ్గర గొడవ వస్తుంది, లేదా ఒక మంచివాడు ఎదురు తిరుగుతాడు. రేట్ల గ్రాఫు పోలీసులకు ఎక్కడ వెతకాలో చూపిస్తుంది, ఫోన్లు, బ్యాంకు ఖాతాలు మిగతాది చెప్తాయి. ఆ మంచివాడి బతుకు మాత్రం అంత బాగుండదు. మార్సెయ్ వ్యవహారం బయటపెట్టిన జాక్ గ్లాస్మన్‌ని ఫ్రాన్స్‌లో స్టేడియం స్టేడియంలోనూ జనం గేలి చేశారు. ఇటలీలో 2011లో గుబ్బియో క్లబ్ డిఫెండర్ సిమోనే ఫరీనాకు పాత స్నేహితుడొకడు 2 లక్షల యూరోలు ఇస్తానన్నాడు. ఫరీనా వద్దని, నేరుగా వెళ్లి ఫిర్యాదు చేశాడు. ఫిఫా సన్మానించింది. కానీ కొద్ది నెలలకే అతని ఆట ఆగిపోయింది, ఇంగ్లండ్‌లో ఆస్టన్ విల్లా క్లబ్ పిల్లలకు నేర్పే ఉద్యోగం ఇచ్చింది. 2 లక్షల యూరోలు కాదన్నవాడికి సొంత దేశంలో ఆడటానికి జట్టు దొరకలేదంటే ఏమనాలి.

మన దేశంలో లేదా అంటే, 2022 నవంబర్‌లో సీబీఐ కొన్ని భారతీయ క్లబ్బుల మీద ప్రాథమిక విచారణ మొదలుపెట్టి మన జాతీయ ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్ఎఫ్ నుంచి కాగితాలు అడిగింది. అందులోనూ వినపడిన పేరు పెరుమాళ్‌దే. ఫిన్లాండ్ మంచులో పనికొచ్చిన లెక్క ఇక్కడెందుకు పనికిరాదు? అందని జీతాలు, ఖాళీ స్టాండ్లు మనకూ ఉన్నాయి.

ఇప్పుడు మీ 15 వేల సంగతికొద్దాం. నిజంగా ఒక మ్యాచ్ కొన్నవాడికి పోలీసుల కంటే ముందు భయపెట్టేది రేటు పడిపోవడం. చిన్న లీగ్ మ్యాచ్ మీద మార్కెట్ తీసుకునే డబ్బుకు ఒక హద్దుంటుంది. అది దాటితే రేటు కూలిపోతుంది, బుకీ పందేలు ఆపేస్తాడు, మాలాంటివాళ్ల స్క్రీన్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అందుకే అతను డబ్బును ముక్కలు చేసి, వందల ఖాతాల్లో, చివరి నిమిషం దాకా ఆగి పెడతాడు. సొంత బావమరిదికి కూడా చెప్పడు. ఆ రహస్యాన్ని టెలిగ్రామ్‌లో ఐదొందల మందికి తలా 15 వేలకు అమ్మితే వాళ్లంతా వెళ్లి అదే పందెం కాస్తారు, రేటు అరగంటలో చచ్చిపోతుంది. లక్షల యూరోలు వచ్చేచోట 15 వేల రూపాయల కోసం ఎవడైనా ఆ పని చేస్తాడా?

మరి స్క్రీన్‌షాట్లు? నేను చూసిన పద్ధతులు రెండు. మొదటిది, వాడు వంద మందికి పది రకాల స్కోర్లు పంపుతాడు. ఒక్కో స్కోరు పదిమందికి. అందులో ఒకటి తగిలితే ఆ పదిమందికి వాడు దేవుడు, మిగతా తొంభై మందిని బ్లాక్ చేస్తాడు. రెండోది ఇంకా చీప్. మ్యాచ్ ముందు గ్రూపులో ఏదో మెసేజ్ పెట్టి, మ్యాచ్ అయ్యాక దాన్ని ఎడిట్ చేసి సరైన స్కోరు రాస్తాడు, టైం మాత్రం పాతదే కనిపిస్తుంది. మెసేజ్ పక్కన ఎడిట్ చేసినట్టు చిన్న గుర్తు ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో దాన్ని కత్తిరిస్తాడు. ఆ స్క్రీన్‌షాట్ మళ్లీ తెరిచి అంచులు చూడు.

ఇంకో మాట. స్కోరు నిజమైనా సరే, ఆన్‌లైన్‌లో పందెం కాయడం తెలంగాణలో 2017 సవరణ నుంచి, ఆంధ్రాలో 2020 నుంచి నేరం. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అంటే మోసపోయాక ఫిర్యాదు చేయడానికి వెళ్తే ముందు నీ పందెం సంగతి నువ్వే చెప్పుకోవాలి. వాడి ధైర్యం అదే. అయినా డబ్బు కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కట్టకముందే అయితే మీ ఫ్రెండ్‌ని ఒక పని చేయమను. "నా దగ్గర డబ్బు లేదు బ్రో, నువ్వే నా తరఫున కాసెయ్, గెలిచిందాంట్లో సగం నువ్వే ఉంచుకో" అని వాడికి మెసేజ్ పెట్టమను. ఏం జవాబిస్తాడో ఇక్కడ రాయి. పదకొండేళ్లలో ఈ ప్రశ్నకు ఒక్కడు కూడా సరేననలేదు.